అంటును, ఊపిరియు

రొంప, దగ్గు, తట్టు, ఫ్లూ జ్వరము మొదలగువానికి మన భాషయందు అంటువ్యాధులని పేరు. పేరులోనే నిదానము చెప్పబడినది: అంటుకొనిన వచ్చును, అంటకున్న రాదు. ఒక మాట సరిగా కుదరనంతమాత్రమున కొంప మునుగదు. కాని ఆ మాటను నమ్మి ఇల్లు కట్టుట, రోగికి పరిచర్య చేయుట, పిల్లలను బడిలో కూర్చుండబెట్టుట మొదలగు పనులన్నియు నడుపుకొనునప్పుడు మునుగును. ముక్కునుండియు నోటినుండియు వెడలు ఊపిరితో వ్యాపించు రోగములను మనము చేతిస్పర్శతో వ్యాపించునవిగా నెంచి, కడుగవలసినదానికంటె నెక్కువ కడిగి, తెఱవవలసిన కిటికీని మూసికొని కూర్చుంటిమి. మేము వాదించునది ఒక్కటే: ఈ రోగములకు ముఖ్యవాహనము మనమందఱము ఒక గదిలో కలసి పీల్చు గాలి, కావున మన ఆచారము మాఱవలసినది ఆ గాలి విషయముననే.

అంటు అను మాటకు మన యిండ్లలో పెద్ద పరివారము కలదు. మైల, మడి, ముట్టు, ఎంగిలి యివన్నియు దాని చుట్టములే. మడి కట్టుకొని వంట చేయుచున్న ఇల్లాలు పసివాడు వచ్చి కొంగు పట్టుకొనిన ఉలికిపడును. ఒక కులమువాడు తాకిన మఱియొక కులమువాడు స్నానము చేయవలెనని మన పెద్దలు శాసించిరి. ఈ భయముతో సాటి మనుష్యులను ఊరివెలుపల నిలిపిన పాపము నేటికిని మనలను వీడలేదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినను, మనస్సులోని అంటు పోలేదు. స్పర్శను ఇంత నేర్పుగా లెక్కించిన మనము, దగ్గుచున్న బంధువు ప్రక్కను తలుపులు మూసిన గదిలో రాత్రియంతయు పరుండుటకు మాత్రము జంకలేదు. తాకనివాడు శుద్ధుడు, తాకినవాడు అశుద్ధుడు. ఇరువురును ఒకే గాలిని పీల్చుచున్నారన్న సంగతి ఎవరికిని తోచలేదు.

ఇది శాస్త్రములో లేదుగదా యని పండితులు అనవచ్చును. శాస్త్రములో నున్నది. సుశ్రుతసంహిత నిదానస్థానమున, కొన్ని రోగములు ఒకరినుండి మఱియొకరికి సంక్రమించు మార్గములను చెప్పుచు, దేహస్పర్శ, సహభోజనము, ఒకే శయ్య, ఒకే ఆసనము, ఇతరులు ధరించిన వస్త్రమాల్యములు, వీనితోపాటు నిశ్వాసమునుగూడ ఆచార్యుడు లెక్కించెను. ఆ పట్టికనుండి మనవారు స్పర్శను పుచ్చుకొని ఆచారము చేసికొనిరి. నిశ్వాసమును పుస్తకములోనే విడిచిరి. సుశ్రుతునికి వైరసులు తెలియునని మేము చెప్పుటలేదు. పురాణములలో విమానములు వెదకు విద్య మాకు రాదు. శాస్త్రమును వల్లించినవారు సైతము తమకు కావలసినంతవఱకే వల్లించిరనుట మా అభియోగము.

ఈ అలవాటు ఎంత దూరము తీసికొనిపోవునో 2020 సంవత్సరము చూపినది. ఆ యేట ఏప్రిల్ చివరివఱకు శ్రీకాకుళము జిల్లాయందును, మే మొదటివారము వఱకు విజయనగరము జిల్లాయందును కోవిడ్ కేసు ఒక్కటియు నమోదు కాలేదు. అంతట పొట్టకూటికై దూరదేశములు పోయిన మావారు తిరిగి రాసాగిరి. గుజరాతులోని వేరావల్ రేవున పడవలమీద చిక్కుకొనిన మత్స్యకారులే వేలమంది. పల్లెలవారు పొలిమేరలలో ముండ్లకంపలు అడ్డము వేసిరి. వీథులలో హైపోక్లోరైటు ద్రవము చల్లిరి. కూరగాయలను సబ్బునీట కడిగిరి; కరెన్సీ నోట్లను ఎండబెట్టిరి. వీథులలో మందు చల్లుట తగదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మే నెలలోనే చెప్పినను, చల్లుట ఆగలేదు. తిరిగివచ్చిన కూలీలను బడిగదులలో కలిపి ఉంచినప్పుడు మాత్రము, కిటికీలు తెఱచియున్నవా యని అడిగినవారు అరుదు.

ఆ జూన్ నెలలో పలాసయందు జరిగినదానిని దేశమంతయు చూచినది. కోవిడ్ సోకినట్లు తేలిన ఒక వృద్ధుని శవమును మన్ను త్రవ్వు జేసీబీ యంత్రపు తొట్టిలో వేసి శ్మశానమునకు తరలించిరి. బాధ్యులైన ఉద్యోగులను ప్రభుత్వము సస్పెండు చేసినది, అది న్యాయమే. కాని ఆ యంత్రమును నడిపించినది ఇద్దఱు ముగ్గురు ఉద్యోగుల కాఠిన్యము మాత్రమే కాదు. మనయందఱి మనస్సులలోని అంటుభయము. చనిపోయినవాడు దగ్గడు, తుమ్మడు, మాటలాడడు, ఊపిరి విడువడు. తగిన తొడుగులు ధరించి నలుగురు మోసిన శవమువలని అపాయము, మూసిన గదిలో నవ్వుచు కబుర్లు చెప్పు చుట్టమువలని అపాయముముందు అత్యల్పము. ఊపిరి లేనివానికి వెఱచి మనిషితనమును విడిచితిమి. ఊపిరి యున్నవారితో తలుపులు మూసికొని కూర్చుంటిమి.

ఊపిరితో రోగము ఎట్లు పోవునో వివరింతుము. మనిషి దగ్గినప్పుడే కాదు, మాటలాడినప్పుడును, పాడినప్పుడును, ఊరక ఊపిరి విడిచినప్పుడును శ్వాసమార్గమునందలి తడినుండి లెక్కకు మిక్కిలి తుంపరలు వెడలును. మిల్లీమీటరులో పదవవంతుకంటె పెద్దవి కొన్ని అడుగుల దూరములోనే నేల రాలును. చిన్నవి బయటి గాలి తగిలినంతనే ఆఱి, ఇంకను చిన్నవై తేలియాడును. మిల్లీమీటరును వేయి పాళ్లు చేసిన అందులో ఐదు పాళ్ల కొలతగల కణము, కదలని గాలిలోనైనను, మనిషి నోటియెత్తునుండి నేల చేరుటకు సుమారు అరగంట పట్టును. మనుష్యులు మసలుచు పంకా తిరుగుచున్న గదిలో ఇంకను ఎక్కువసేపు నిలుచును. రోగి నోట వెడలిన కణములతో వైరసు వెడలును. ప్రక్కవాడు దానిని పీల్చును. తట్టు వచ్చిన బిడ్డ గదిని విడిచిపోయిన పిదప రెండు గంటలవఱకు ఆ గదిగాలిలో రోగము పొంచియుండవచ్చునని వైద్యులు చెప్పుదురు. ఆ రెండు గంటలలో లోపలికి వచ్చిన బిడ్డ ఎవరిని తాకెనని మనము విచారింతుము?

కంటికి కనబడనిదానియందు నమ్మకము కుదురుట కష్టము. కనబడు దృష్టాంతము మా సీమలోనే కలదు. శ్రీకాకుళపు పల్లెలలో ముసలమ్మలు చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగుట చదువరు లెఱుగుదురు. వీథి అరుగుపై కూర్చుండి త్రాగినప్పుడు ఆనుకొని కూర్చున్నవారికే వాసన తగులును; తక్కిన పొగను గాలి ఎత్తుకొనిపోవును. అదే చుట్టను వానకాలమున తలుపులు మూసిన గదిలో త్రాగిన, మూలనున్న మనుమరాలికిని కన్ను మండును. అవ్వ లేచి పోయినను వాసన పోదు. ఊపిరియు అట్టిదే. దగ్గఱనున్నవానికి చిక్కగా అందును, మూసిన గదిలో దూరముననున్నవానికిని అందును, ఆరుబయట చెదరిపోవును. అంగడిముందు సున్నముతో వలయములు గీసి మనుష్యులను నిలిపితిమి. వలయముల మధ్య దూరము కొంత మేలు చేయును, కాదనము. కాని మూసిన గదిలో ఏ పొగయైనను సున్నపుగీతను చూచి ఆగునా?

దీనికి నిదర్శనములు కావలెనన్నచో కలవు. 2020 మార్చి 10వ తేదీన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, మౌంట్ వెర్నన్ సమీపమున, ఒక గాయకబృందము రెండున్నర గంటలు పాటలు అభ్యసించినది. వచ్చినవారు 61 మంది. వారిలో రోగలక్షణములున్నవారు ఒక్కరు. పిదప తక్కినవారిలో 32 మందికి కోవిడ్ సోకినట్లు పరీక్షలవలన నిశ్చయమైనది, మఱి 20 మందికి సోకియుండునని వైద్యులు నిర్ణయించిరి, ఇద్దఱు మరణించిరి. అంతకుముందు జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున, కిటికీలు లేని ఒక భోజనశాలలో, ప్రక్కప్రక్క మూడు బల్లలకడ కూర్చున్న మూడు కుటుంబములలో పదిమంది రోగులైరి. శీతలయంత్రము ఆ మూడు బల్లలమీది గాలినే త్రిప్పి త్రిప్పి వారికిచ్చినది. వడ్డించినవారికి సోకలేదు. ఈ రెండు కథలు విన్న పిదప, తలుపులు బిగించి ఏకాహభజనలు చేయువారును, శీతలయంత్రములు బిగించిన కల్యాణమంటపములలో మాఘమాసపు పెండ్లిండ్లు చేయువారును కొంచెము ఆలోచింపవలదా? పైడితల్లి సిరిమాను ఉత్సవమునందలి జనసమ్మర్దమును చూచి పెదవి విఱచు విద్యాధికులు, ఆ ఉత్సవము ఆకాశము క్రింద జరుగుచున్నదనియు, తమ విందు కిటికీలేని శాలలో జరుగుచున్నదనియు ఏల గమనింపరు?

విద్వాంసులు సైతము ఈ సత్యమును ఆలస్యముగా ఒప్పుకొనిరి. దాని చరిత్రలో మనకు పాఠము కలదు. పూర్వము పాశ్చాత్యులు అనేకరోగములకు చెడుగాలియే కారణమనిరి. మలేరియా అను మాటకే ఇటలీ భాషలో చెడుగాలి యని అర్థము. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డు రాసు దోమ కడుపున ఆ రోగపు పరాన్నజీవిని కనుగొనెను. చెడుగాలి సిద్ధాంతమునకు మన తెలుగుగడ్డమీదనే గొప్పదెబ్బ తగిలినది. కలరా నీటివలనను, మలేరియా దోమవలనను వచ్చునని తేలిన పిదప, రోగమునకు గాలి కారణమనుటయే మూఢత్వముగా తోచినది. 1910లో చార్లెసు చేపిన్ అను అమెరికా వైద్యుడు, గాలిద్వారా రోగము పోవుట మిక్కిలి అరుదనియు, స్పర్శయు సామీప్యమునే ముఖ్యమనియు గ్రంథము వ్రాసెను. వైద్యలోకము దానిని వేదముగా గైకొనినది. ఒక మూఢనమ్మకమును విడుచు తొందరలో దానికి ఎదురుగానున్న మఱియొకదానిని పట్టుకొనుట పండితులకును తప్పలేదు.

ఎదిరించినవారు లేకపోలేదు. 1930లలో విలియం వెల్సు అను శాస్త్రజ్ఞుడు, ఆఱిన చిన్న తుంపరలు గాలిలో తేలుచు రోగమును మోయునని చెప్పెను. ఫిలడెల్ఫియాప్రాంతపు బడిగదులలో పైభాగమున అతినీలలోహిత కిరణముల దీపములు అమర్చగా, 1941లో తట్టు వ్యాపించినప్పుడు ఆ తరగతులలో రోగము తగ్గుట కనబడినది. 1950ల చివర బాల్టిమోరులో క్షయరోగుల వార్డునుండి వెడలు గాలిని గొట్టములద్వారా గినీపందుల గదికి పంపిరి. రోగులను ఎన్నడును తాకని, చూడని ఆ జంతువులకు క్షయ సోకినది. కిరణములచే శుద్ధిచేసిన గాలి పీల్చినవానికి సోకలేదు. అయినను 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్యసంస్థ, కోవిడ్ గాలిద్వారా వ్యాపించునది కాదని లోకమునకు చాటినది. ఆ జూలైలో లిడియా మొరావ్స్కా, డోనాల్డు మిల్టన్ అనువారు వ్రాసిన విజ్ఞప్తికి 239 మంది శాస్త్రజ్ఞులు మద్దతు పలికిరి. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థయే, పెద్దతుంపర చిన్నతుంపర యను పాతగీతను చెఱిపి, ఇట్టి రోగములు గాలిద్వారా వ్యాపించునను వ్యవహారమును అంగీకరించినది. తీర్పు వచ్చినది, కాని మన వీథులకు చేరలేదు.

ఇక ఆక్షేపణలు. చేతులు కడుగవలదా యని కొందఱు అడుగుదురు. కడుగవలయును; కలరాయు విరేచనములును మురికిచేతులవలన వచ్చును, రొంపయందు స్పర్శకును కొంత పాలు కలదు. కాని వస్తువులను తాకుటవలన కోవిడ్ సోకు అవకాశము సాధారణముగా పదివేలలో ఒకటికంటె తక్కువయని అమెరికా వ్యాధినియంత్రణకేంద్రము 2021లో చెప్పినది. చేతులు కడుగుకొని కిటికీ మూయువాడు, ముందుతలుపునకు తాళము వేసి పెరటితలుపు తెఱచిపెట్టినవానివంటివాడు.

చల్లగాలి తగిలిన రొంప పట్టునని మఱికొందఱి వాదము. ఇది మా సీమలో బలమైన నమ్మకము. మా యూళ్లలో గాలి సోకినదనిన దయ్యము పట్టినదని అర్థము! 2014లో హుద్‌హుద్‌ను, 2018లో పలాస తోటలను కూల్చిన తిత్లీని చూచినవారము గనుక గాలిని శంకించుటకు మాకు హేతువు లేకపోలేదు. అయినను తుపాను వెలిసిన పిదపకూడ తలుపు తెఱవనివాడు వివేకి కాడు. చలిలోను వానలోను రొంప హెచ్చుటకు ఒక ముఖ్యకారణము, అప్పుడు మనమందఱము లోపల చేరి తలుపులు బిగించుకొని ఒకరి ఊపిరి నొకరు పీల్చుటయే. చల్లగాలిలో వైరసు పుట్టదు; రోగి రొమ్మునుండి వచ్చును. దొంగలు, దోమలు అందురా? దొంగకు ఇనుపఊచలు, దోమకు జాలి ఎన్నడో పుట్టినవి. లలాటలిఖితము అందురా? అట్లయిన సున్నపు వలయములేల, ముండ్లకంపలేల?

మా ముఖ్యమైన ఫిర్యాదు స్త్రీలను, బిడ్డలను గూర్చినది. ఇంట ఎవరు పడకవేసినను పరిచర్య చేయునది కోడలో, కూతురో. రోగికి గాలి తగులరాదని చీకటిగదిలో పరుండబెట్టి, తలుపు చేరవేసి, ఆమెను లోపలికి పంపుదురు. మగవారు వాకిట కుర్చీలు వేసికొని పరామర్శలు అందుకొందురు. పంచుకొనవలసిన అపాయమంతయు ఆమె ఒక్కతె పీల్చును; ఆమెకు జ్వరము వచ్చినప్పుడు, పని ఎక్కువై అలసినదందుము. పురిటిగది మాట చెప్పనక్కఱలేదు. కిటికీకి గోనెగుడ్డ కట్టి, సాంబ్రాణిపొగ వేసి, బాలింతకు మైల యని ముట్టుకొనకుండ కూర్చుందురు. కాని చూడవచ్చిన చుట్టములను, రొంపతో దగ్గువారితోసహా, ఆ గదిలోనే గంటలకొలది మాటలాడనిత్తురు. పెద్దవానికి రెండునాళ్ల రొంపగా పోవు వైరసు, నెలల శిశువు సన్నని శ్వాసనాళములను మూసి ప్రాణము తీయగలదు. మైలకు పదినాళ్లు లెక్కించిన మనము, ఆ బిడ్డ పీల్చు గాలికి పది నిమిషములైనను లెక్క చూడమైతిమి.

బడులు దీనికి తీసిపోవు. ఎండ కొట్టునని, చూపు చెదరునని కిటికీరెక్కలు మూసి, పిల్లలను బల్లలమీద ఇఱికించి, ఒకడు దగ్గిన వారమునకు సగముమంది రాకున్నచో వాతావరణము మాఱినదందుము. పైకప్పున పంకా తిరుగుచున్నదిగదా యని తల్లిదండ్రులు తృప్తిపడుదురు. పంకా ఉన్న గాలినే కలియబెట్టును, క్రొత్తగాలిని తేదు. సామాన్యముగా ఇండ్లలో బిగించు శీతలయంత్రమును అంతే. ఇంటిలోని గాలిని చల్లబఱచి తిరిగి ఇంటికే యిచ్చును. దానికొఱకు తలుపులు మూయుటయే అపాయము. మండువాలోగిళ్లను పడగొట్టి ఆ చోట కట్టిన మేడలలో ఆకాశము కనబడు చోటు లేదు. పాతదంతయు మంచిదని మేము చెప్పము. ఆ లోగిలిలోనే చీకటి పురిటిగదియు నుండెను. కాని దాని నడిమి మండువా మంచిదే. పెరూ దేశపు లీమా నగరమున, 1950కి పూర్వము ఎత్తైన కప్పులతో, పెద్దకిటికీలతో కట్టిన ఆసుపత్రులలో, కిటికీలు తెఱచినప్పుడు, క్రొత్త భవనములలోకంటె మిక్కిలి వేగముగా గాలి మాఱుచున్నదని 2007లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. అందులకు విద్యుత్తు అక్కఱలేదు, ధనమక్కఱలేదు.

చేయవలసినవి కష్టములు కావు. రోగిని ఎదురెదురు కిటికీలున్న గదిలోనో, వసారాలోనో ఉంచవలయును. పరిచర్య చేయువారును, వీలైన రోగియు, మొగమునకు బిగువుగా నమరు ఎన్ 95 వంటి తొడుగు ధరింపవలయును. వదులుగానున్న రుమాలు సందులనుండి గాలిని పోనిచ్చును. పరిచర్యను ఇంటివారందఱును వంతులు వేసికొనవలయును. పసిబిడ్డ యున్న గదిలోనికి దగ్గువానిని, అతడు మేనమామయైనను, పోనీయరాదు. తెఱవలేని గదులలో గాలిని వెలుపలికి త్రోయు పంకా అమర్చవలయును. మన నిశ్వాసమునందు బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్లలో సుమారు 40,000 పాళ్లుండును. బయటిగాలిలో 420 పైచిలుకు మాత్రమే. గదిలో అది వేయి దాటి పెరుగుచున్నచో, అందున్నవారు ఒకరి ఊపిరి నొకరు పీల్చుచున్నారనుటకు అదియే గుర్తు. దీనిని కొలుచు చిన్నయంత్రము నొకదానిని ప్రతి పాఠశాలయు కొని, ప్రతి తరగతిలోను పెట్టి చూడవచ్చును. జీడిపప్పు ఒలుచు స్త్రీలు వరుసలుగా కూర్చుండు పలాస కర్మశాలలలోను, మన్యపు బిడ్డలు నిద్రించు వసతిగృహములలోను ఇట్టి లెక్క చూడవలసిన బాధ్యత యజమానులది, ప్రభుత్వముది.

మంచినీరు ఊరందఱి హక్కని మనము నేర్చుకొంటిమి. కుళాయిలో మురికి వచ్చిన పురపాలకసంఘముతో పోట్లాడుదుము. గాలి విషయమున ఆ పోట్లాట ఇంకను ఆరంభము కాలేదు. నీటిని కాచి త్రాగవచ్చును. బావులు వేఱు చేసికొని కులమును కాపాడుకొన్నవారును మనలో నుండిరి. గాలికి వేఱుబావి లేదు. బ్రాహ్మణుని ఊపిరియు, మాలవాని ఊపిరియు, కలెక్టరు ఊపిరియు, కూలివాని ఊపిరియు ఒకే గదిలో కలియును. ఒకని రోగము మఱియొకనికి పోవుటకు కులగోత్రములు అడుగదు. తాకరాదని మనుష్యులను వెలివేసిన ధర్మము రోగమునుండి మనలను కాపాడలేదు. తలుపు తెఱచి అందఱికిని గాలి నిచ్చు ధర్మము కాపాడగలదు. చదువరులు ఈ సంచికను ప్రక్కను పెట్టి తమ యింటి కిటికీలు ఎన్ని మూసియున్నవో లెక్కింతురుగాక. పిదప తమ బిడ్డల బడికి పోయి అచ్చటి కిటికీలను లెక్కింతురుగాక. మూసియున్నవానిని తెఱపించుటకు శాస్త్రార్థములు అక్కఱలేదు. గడియ తీయుటకు ఒక చేయి చాలును.